సూర్యుడు మకరంలో అడుగుపెట్టేది ఎప్పుడు? మూడు తేదీల వెనుక ఉన్న లెక్క

క్లుప్తంగా: భూమి తన కక్ష్యలో తిరుగుతుండటం వల్ల సూర్యుడు ఏడాది పొడవునా నక్షత్రాల మధ్య ఒకే దారిలో నడుస్తున్నట్టు కనిపిస్తాడు. ఆ దారిని కొలవడానికి మూడు రకాల గీతలు వాడుకలో ఉన్నాయి. ఒకటి రుతువులకు కట్టింది, ఒకటి చుక్కలకు కట్టింది, మూడోది ఖగోళ శాస్త్రజ్ఞులు ఆకాశానికి వేసుకున్న సరిహద్దు. సంక్రాంతి తేదీ మీదా, ‘పదమూడో రాశి’ మీదా ఏటా రేగే గందరగోళం చాలావరకు ఒక కొలత ఇచ్చిన జవాబును ఇంకో కొలతకు అంటగట్టడం వల్ల పుడుతున్నదే.

సూర్యుడు మకరంలోకి ప్రవేశించేది ఏ రోజు అని అడిగితే తెలుగింట ఎవరైనా జనవరి 14 అనో 15 అనో చెబుతారు. పాశ్చాత్య జ్యోతిషం పాటించేవారిని అడిగితే డిసెంబరు 21 లేదా 22 అంటారు. ఆకాశ పటాలు చూసే ఖగోళ శాస్త్రజ్ఞుల జవాబు జనవరి 19 లేదా 20. సూర్యుడు ఒక్కడే, మకరం అన్న పేరూ ఒక్కటే, అయినా నెల రోజుల తేడా. పైగా ఈ ముగ్గురి లెక్కలోనూ తప్పు లేదు.

జనవరి వచ్చిందంటే రెండు ప్రశ్నలు మళ్లీ మళ్లీ వినిపిస్తాయి. పగలు పెరగడం డిసెంబరు ఆఖరి వారంలోనే మొదలైతే, ఉత్తరాయణ పుణ్యకాలం సంక్రాంతినాడు అనడం ఎందుకు? చిన్నప్పుడు 14నే వచ్చే పండగ ఇప్పుడు తరచూ 15కి ఎందుకు జరుగుతోంది? రెండింటికీ జవాబు ఒకే చోట ఉంది. అది తెలియాలంటే ముందు సూర్యుడి దారిని చూడాలి.

ధ్వజస్తంభం చుట్టూ ప్రదక్షిణ

గుడి ఆవరణలో ధ్వజస్తంభం చుట్టూ తిరుగుతున్న మనిషికి స్తంభం వెనుక ఒకసారి కల్యాణ మండపం కనిపిస్తుంది, నాలుగడుగులు వేస్తే వంటశాల, ఇంకాస్త ముందుకెళితే గాలిగోపురం. స్తంభం కదలలేదు. చూసే మనిషి చోటు మారింది కాబట్టి దాని వెనుక దృశ్యం మారింది. సూర్యుడి విషయంలో జరిగేదీ ఇదే. భూమి ఏడాదికో ప్రదక్షిణ చేస్తుంటే సూర్యుడి వెనుక నక్షత్ర సమూహాలు ఒకటొకటిగా మారుతుంటాయి. భూమి కక్ష్య ఉన్న తలాన్ని ఆకాశం దాకా సాగదీస్తే వచ్చే వలయమే సూర్యుడి దారి. పంచాంగ పరిభాషలో దాని పేరు క్రాంతివృత్తం.

రోజూ తూర్పు నుంచి పడమటికి సాగే ప్రయాణం వేరు, ఇది వేరు. మొదటిది భూమి తన చుట్టూ తాను తిరగడం వల్ల కలిగేది, చుక్కలకూ సూర్యుడికీ ఉమ్మడి. రెండోది చుక్కలతో పోల్చినప్పుడే తెలుస్తుంది. సూర్యుడు రోజుకు సుమారు ఒక డిగ్రీ చొప్పున పడమటి నుంచి తూర్పుకు వెనకబడుతుంటాడు. ఆకాశంలో సూర్యబింబం వెడల్పు అర డిగ్రీ, అంటే రోజుకు తన వెడల్పుకు రెండింతలు కదులుతాడన్నమాట. ఈ రాత్రి ఎనిమిదింటికి ఉదయించిన చుక్క రేపు నాలుగు నిమిషాలు ముందే ఉదయించడానికి కారణం ఇదే.

అయితే సూర్యుడున్న చోట చుక్కలు కనిపించవు కదా, పూర్వులు ఆయన చోటును ఎలా పట్టుకున్నారు? తెల్లవారే ముందు తూర్పున ఏ చుక్క పొడుస్తోందో చూడటం ఒక పద్ధతి. అంతకంటే హాయిగా ఉండేది పున్నమి పద్ధతి. పౌర్ణమినాడు చంద్రుడు సూర్యుడికి సరిగ్గా ఎదురుగా ఉంటాడు. చైత్ర పౌర్ణమికి చంద్రుడు చిత్త నక్షత్రం దగ్గర ఉన్నాడంటే సూర్యుడు ఆకాశంలో అవతలి కొసన, మీన మేషాల దగ్గర ఉన్నట్టు. కార్తిక పౌర్ణమికి చంద్రుడు కృత్తికల దగ్గర ఉంటే సూర్యుడు విశాఖ వైపు ఉన్నట్టు. తెలుగు నెలల పేర్లు పున్నమి చంద్రుడి చిరునామాలు. వాటిని తిరగేసి చదివితే సూర్యుడి చిరునామా తెలుస్తుంది.

సంపూర్ణ గ్రహణంలో మాత్రం ఈ ఊహ అవసరం లేకుండా కంటితోనే చూడవచ్చు. 1868 ఆగస్టు 18న ఫ్రాన్సు నుంచి ఖగోళ శాస్త్రజ్ఞుడు జాన్సెన్ గుంటూరు దాకా వచ్చి పరిశీలించిన గ్రహణం సైన్సు చరిత్రలో హీలియం కథకు మొదలుగా నిలిచింది. ఆ రోజు సూర్యుడు సింహరాశిలో మఖ నక్షత్రానికి చాలా దగ్గరలో ఉన్నాడు. 2024 ఏప్రిల్ 8న డాలస్ పరిసరాల్లోని తెలుగువారు చూసిన సంపూర్ణ గ్రహణ వేళ సూర్యుడు ఉన్నది మీనంలో. మన పంచాంగమూ ఖగోళ పటమూ రెండూ అదే చెప్పాయి. పాశ్చాత్య జ్యోతిషం లెక్కలో మాత్రం అప్పటికే మేషంలోకి వెళ్లి రెండు వారాలు దాటింది. సోహో వ్యోమనౌకలోని కెమెరాలు సూర్యబింబాన్ని పళ్లెంతో కప్పి చుట్టుపక్కల ఆకాశాన్ని చూస్తుంటాయి. ఏటా మే నెలలో ఆ చిత్రాల్లో సూర్యుడి పక్కగా కృత్తికలు సాగిపోవడం కనిపిస్తుంది.

సమానమైన గదులు, సమానం కాని బొమ్మలు

దారి ప్రకృతిది. గదులు మాత్రం మనుషులు కట్టినవి. ఈ ఒక్క తేడా మనసులో ఉంటే ‘పదమూడో రాశి’ వార్త చూసి కంగారు పడాల్సిన పనే ఉండదు.

బాబిలోనియన్లు క్రీస్తుపూర్వం ఐదో శతాబ్దం నాటికి 360 డిగ్రీల దారిని 30 డిగ్రీల చొప్పున పన్నెండు భాగాలు చేశారు. ఏడాదికి పన్నెండు నెలలున్నాయి కాబట్టి ఆ సంఖ్య లెక్కకు కుదిరింది. భారతీయ జ్యోతిషంలో అంతకు ముందు నుంచే 27 నక్షత్రాల విభజన ఉండేది, ఒక్కోటి 13 డిగ్రీల 20 కళలు (డిగ్రీలో అరవయ్యో వంతు ఒక కళ). తర్వాత రాశులూ వచ్చి చేరాయి. రెండింటినీ నక్షత్ర పాదాలతో, అంటే ఒక్కో నక్షత్రంలోని నాలుగో వంతులతో, అతికించారు. తొమ్మిది పాదాలు ఒక రాశి. చుక్కల బొమ్మలు చిన్నవైనా పెద్దవైనా గదుల కొలత మారదు. పుష్కరాలకు ఆధారం కూడా ఈ సమాన గదులే. గురుడు ఇదే దారిలో దాదాపు ఏడాదికో రాశి చొప్పున నడుస్తాడు. 2015లో సింహంలోకి వచ్చినప్పుడు గోదావరికి, 2016లో కన్యలోకి మారినప్పుడు కృష్ణకు పుష్కరాలు జరిగాయి.

ఖగోళ శాస్త్రానికి ఇంకో అవసరం ఉంది. కొత్తగా కనిపించిన చుక్క ఏ సమూహానిదో తగాదా లేకుండా చెప్పాలంటే ఆకాశంలో ప్రతి అంగుళమూ ఎవరో ఒకరి ఖాతాలో ఉండాలి. అంతర్జాతీయ ఖగోళ సంఘం ఆకాశమంతటినీ 88 సమూహాలుగా పంచి, గ్రామాలకు పొలిమేర రాళ్లు పాతినట్టు సరిహద్దులు వేయించింది. 1930లో అవి అచ్చయ్యాయి. ఆ పొలిమేరల ప్రకారం సూర్యుడి దారి పదమూడు సమూహాల మీదుగా పోతుంది. వృశ్చికానికీ ధనుస్సుకూ నడుమ సర్పధారి, అంటే పామును చేత పట్టిన మనిషి బొమ్మ, పాదం మోపి ఉంటుంది. గ్రీకులు దాన్నే ఒఫియూకస్ అన్నారు.

ఈ లెక్కలో గదులన్నీ ఎగుడుదిగుడు. కన్యను దాటడానికి సూర్యుడికి సెప్టెంబరు 16 నుంచి అక్టోబరు 30 దాకా సుమారు 45 రోజులు పడుతుంది. వృశ్చికానికి నవంబరు 23 నుంచి 29 దాకా, అంటే వారం చాలు. ఆ తర్వాత డిసెంబరు 17 వరకు 18 రోజులు సర్పధారిలోనే ఉంటాడు. డిసెంబరు మొదట్లో సూర్యుడు తేలుకు గుండెకాయలాంటి జ్యేష్ఠ నక్షత్రం పక్కగా వెళతాడు. విచిత్రమేమిటంటే ఆ సమయానికి పొలిమేరల ప్రకారం ఆయన తేలులో లేడు, పాములవాడిలో ఉన్నాడు.

ఈ సంగతి 2011 జనవరిలో ఒకసారి, 2016లో నాసా పిల్లల కోసం రాసిన పేజీ పుణ్యమా అని ఇంకోసారి ప్రపంచమంతా పాకింది. మీ రాశి మారిపోయింది అంటూ శీర్షికలు వచ్చాయి. తాము రాశులనేవీ మార్చలేదని, ఉన్న లెక్క చెప్పామని నాసా వివరణ ఇచ్చుకోవాల్సి వచ్చింది. పన్నెండు గదుల పద్ధతి చుక్కల బొమ్మల పరిమాణం మీద ఎన్నడూ ఆధారపడలేదు కాబట్టి, పొలిమేరలు ఎక్కడ వేసినా ఆ పద్ధతికి తగిలేదేమీ లేదు. జాతకాలు ఫలిస్తాయా లేదా అన్నది వేరే ప్రశ్న. దానికి ఈ కొలతల్లో ఏదీ జవాబు చెప్పదు.

ధనుర్మాసం పొట్టిది, మిథునం పొడుగుది

గదులు సమానంగా ఉన్నా నడక సమానంగా ఉండదు. భూమి కక్ష్య కొద్దిగా కోలగా ఉంటుంది. జనవరి మొదటి వారంలో సూర్యుడికి 14.71 కోట్ల కిలోమీటర్ల దూరానికి వస్తుంది, జులై మొదట్లో 15.21 కోట్లకు జరుగుతుంది. దగ్గరున్నప్పుడు వేగం ఎక్కువ, దూరమైనప్పుడు తక్కువ. కాబట్టి సూర్యుడు ధనుస్సును 29 రోజుల పైచిలుకులో దాటేస్తాడు. మిథునానికి 31న్నర రోజుల దాకా తీసుకుంటాడు. తిరుమలలో సుప్రభాతానికి బదులు తిరుప్పావై వినిపించే ధనుర్మాసం డిసెంబరు 16 ప్రాంతంలో మొదలై సంక్రాంతి ముందురోజుతో ఇట్టే అయిపోవడానికి కారణం కెప్లర్ చెప్పిన ఆ వేగమే.

జారుతున్న మొదటి గీత

ఇక అసలు చిక్కు. వలయానికి మొదలూ చివరా ఉండవు. ఎక్కడో ఒక చోట సున్నా గీత గీసి, అక్కడి నుంచి కొలవాలి. ఎక్కడ గీయాలి?

పగలూ రాత్రీ సమానమయ్యే వసంత విషువత్తు రోజున, అంటే మార్చి 20 లేదా 21న, సూర్యుడు ఉన్న బిందువే మొదలు అనుకుంటే అది సాయన పద్ధతి. పాశ్చాత్య జ్యోతిషానిది ఇదే. ఏదో ఒక నక్షత్రాన్ని పట్టుకుని అక్కడి నుంచి కొలిస్తే నిరయన పద్ధతి. మన పంచాంగాలది ఇది. విషువత్ బిందువు చుక్కల మధ్య కదలకుండా ఉండి ఉంటే ఈ రెండింటికీ తేడా వచ్చేదే కాదు. అది కదులుతోంది.

కారణం భూమి నడుము. ధ్రువాల మీదుగా కొలిస్తే భూమి వ్యాసం 12,714 కిలోమీటర్లు, మధ్యరేఖ దగ్గర 12,756. ఈ 42 కిలోమీటర్ల ఉబ్బును చంద్రుడూ సూర్యుడూ పట్టి లాగుతుంటారు. 23.4 డిగ్రీలు వంగి తిరుగుతున్న భూమి ఆ లాగుడుకు నిటారు కాదు. వేగం తగ్గిన బొంగరం తల తిప్పినట్టు, తన అక్షాన్ని నెమ్మదిగా గిరగిరా తిప్పుతుంది. ఒక చుట్టుకు దాదాపు 26 వేల ఏళ్లు. ఫలితంగా విషువత్ బిందువు ఏటా 50 వికలల (కళలో అరవయ్యో వంతు ఒక వికల) చొప్పున, 72 ఏళ్లకు ఒక డిగ్రీ చొప్పున సూర్యుడికి ఎదురు నడుస్తుంది. అయనచలనం అంటే ఇదే.

క్రీస్తుపూర్వం రెండో శతాబ్దంలో గ్రీకు ఖగోళవేత్త హిప్పార్కస్ దీన్ని పట్టుకున్నది చిత్త నక్షత్రంతో. తనకు సుమారు 150 ఏళ్ల ముందు వాళ్లు కొలిచిన చిత్త చోటుకూ తాను చూసిన చోటుకూ దాదాపు రెండు డిగ్రీల తేడా వచ్చింది. మన దేశంలోని సాక్ష్యం ఇంకా ఆసక్తికరం. వేదాంగ జ్యోతిషం అనే ప్రాచీన గ్రంథం ఉత్తరాయణం ధనిష్ఠ మొదట్లో ప్రారంభమవుతుందని చెప్పింది. ఆరో శతాబ్దపు వరాహమిహిరుడు బృహత్సంహితలో, పూర్వ శాస్త్రాలు అలా అన్నాయంటే ఒకప్పుడు అలాగే ఉండి ఉండాలి, ఇప్పుడు మాత్రం మకరాదిలో మొదలవుతోంది అన్న అర్థంలో రాశాడు. పాత మాట తప్పని కొట్టిపారేయలేదు, పాత మాటను పట్టుకుని కళ్లెదుటి ఆకాశాన్ని కాదనలేదు. పరిశీలన చేసేవాడికి ఉండాల్సిన గుణం అది. ఆయన చెప్పిన మకరాది, అంటే ఉత్తరాషాఢ రెండో పాదం నుంచి కూడా ఇప్పుడు ఉత్తరాయణం వెనక్కి జారింది. నేడు డిసెంబరు 21, 22 తేదీల్లో సూర్యుడు ఉత్తరానికి మళ్లే వేళకు ఉండేది మూల నక్షత్రంలో. ధనిష్ఠ, ఉత్తరాషాఢ, మూల: మూడు మెట్లు, సుమారు 3,400 ఏళ్ల జారుడు.

భూగోళం పాఠంలోని కర్కటరేఖ, మకరరేఖ అన్న పేర్లూ ఆ పాత కాలపు గుర్తులే. జూన్ 21న సూర్యుడు కర్కటరేఖ మీద నడినెత్తిన ఉంటాడు. చుక్కల్లో చూస్తే ఆ రోజు ఆయన కర్కాటకంలో ఉండడు, వృషభ మిథునాల పొలిమేరలో ఉంటాడు.

సాయన, నిరయన గీతల మధ్య దూరాన్ని అయనాంశ అంటారు. భౌతిక శాస్త్రవేత్త మేఘనాథ్ సాహా అధ్యక్షతన 1952లో ఏర్పడిన పంచాంగ సంస్కరణ సంఘం, చిత్త నక్షత్రానికి ఎదురుగా ఉన్న చోటును ఆధారం చేసుకుని, 1956 మార్చి 21 నాటికి ఆ దూరం 23 డిగ్రీల 15 కళలని స్థిరపరిచింది. ఇప్పుడది 24 డిగ్రీలు దాటింది. వెనక్కి లెక్కిస్తే క్రీ.శ. 285 ప్రాంతంలో అది సున్నా. అంటే ఆ రోజుల్లో మకర సంక్రమణమూ (సూర్యుడు మకరంలోకి మారే ఘడియ), పగలు పెరగడం మొదలయ్యే రోజూ ఒకటే. సంక్రాంతినాడు ఉత్తరాయణ పుణ్యకాలం అన్న మాట పుట్టుకలో అక్షరాలా నిజం. అప్పటి నుంచి 24 డిగ్రీలు పెరిగాయి కాబట్టే పండగకూ అసలు మలుపుకూ మధ్య ఇవాళ 24 రోజులు.

పండగ తేదీ జరగడంలో రెండు కారణాలు

సంక్రాంతి 14నా 15నా అన్న ఏటేటా ఊగిసలాటకు మూలం లీపు సంవత్సరం. చుక్కల లెక్కన సంవత్సరం 365 రోజుల 6 గంటల 9 నిమిషాలు. అందుకే సంక్రమణ సమయం ఏటా ఆరు గంటలకు పైగా ముందుకు జరుగుతుంది. ఫిబ్రవరి 29 వచ్చాక ఒక రోజు వెనక్కి వస్తుంది. నేటి పరిశీలనలతో సరిపోయే దృక్ లెక్కన 2024లో అది జనవరి 15 తెల్లవారుజామున 3 గంటలకు కాస్త ముందు. 2025లో 14 ఉదయం 9 ప్రాంతంలో, 2026లో 14 మధ్యాహ్నం 3 దాటాక. సంక్రమణం సూర్యాస్తమయం తర్వాత జరిగితే పండగ మర్నాటికి వెళ్లడం చాలా పంచాంగాల ఆనవాయితీ.

ఈ ఊగిసలాట అడుగున నెమ్మదైన ప్రవాహం ఒకటుంది. ఇంగ్లిషు క్యాలెండరు రుతువులకు కట్టింది, దాని సంవత్సరం చుక్కల సంవత్సరం కంటే 20 నిమిషాలు తక్కువ. 72 ఏళ్లకు అది ఒక రోజవుతుంది. వివేకానందుడు 1863లో మకర సంక్రాంతినాడే పుట్టాడు. ఆ తేదీ జనవరి 12. 1900 లీపు సంవత్సరం కాకపోవడంతో పండగ ఒక్కసారిగా ఒక రోజు ముందుకు దూకింది. 2000 లీపు అయింది కాబట్టి మన కళ్ల ముందు అలాంటి గెంతు పడలేదు. 2100 లీపు కాదు. ఆ తర్వాత పుట్టేవాళ్లకు సంక్రాంతి అంటే జనవరి 15, 16.

పంచాంగానికీ పంచాంగానికీ వచ్చే తేడా దీనికి అదనం. దృక్సిద్ధాంతం వాడేవారు నేటి పరిశీలనలతో సరిపోయే లెక్క చేస్తారు. పూర్వ సిద్ధాంతం వాడేవారు సూర్యసిద్ధాంతం అనే ప్రాచీన గ్రంథపు మానాన్ని పాటిస్తారు. సూర్యసిద్ధాంతం చెప్పిన సంవత్సరం ఇవాళ కొలిచిన చుక్కల సంవత్సరం కంటే మూడున్నర నిమిషాలే ఎక్కువ. కంటితో చూసి, నీడలు కొలిచి సాధించిన ఆ ఖచ్చితత్వం మెచ్చదగింది. కానీ ఏటా మూడున్నర నిమిషాలు శతాబ్దాల తరబడి పోగుపడితే గంటలు దాటి రోజుల్లోకి వెళుతుంది.

అరసవల్లి కిరణాలు, రోహిణి ఎండలు

రుతువుల గడియారం, చుక్కల గడియారం తెలుగు నేల మీద పక్కపక్కనే కనిపించే చోట్లు రెండున్నాయి.

శ్రీకాకుళం దగ్గర అరసవల్లిలో మార్చి 9, 10, అక్టోబరు 1, 2 తేదీల ప్రాంతంలో ఉదయపు కిరణాలు గర్భాలయంలోని మూలమూర్తిని తాకుతాయి. ఈ రెండు సందర్భాల్లోనూ సూర్యుడు ఖగోళ మధ్యరేఖకు మూడు నుంచి ఐదు డిగ్రీలు దక్షిణంగా ఉంటాడు. మార్చిలో ఉత్తరానికి ఎక్కుతూ, అక్టోబరులో దక్షిణానికి దిగుతూ, ఒకే ఎత్తు మీద రెండుసార్లు తగులుతాడు. తూర్పున ఆయన ఉదయించే చోటూ రెండుసార్లూ దాదాపు ఒకటే అవుతుంది. ఇది విషువత్తుకు కట్టిన సంఘటన, చుక్కలతో నిమిత్తం లేదు. అందువల్ల సంక్రాంతి తేదీ శతాబ్దాల మీద జరిగిపోతున్నా అరసవల్లి తేదీలు ఆ జారుడుకు లోబడవు.

కార్తెలు ఇందుకు ఎదురు. సూర్యుడు ఒక్కో నక్షత్రంలో ఉండే 13, 14 రోజుల కాలమే కార్తె. మే 25 ప్రాంతంలో రోహిణి, జూన్ 8 ప్రాంతంలో మృగశిర, 22 ప్రాంతంలో ఆరుద్ర వస్తాయి. రోహిణి ఎండకు రోళ్లు పగులుతాయని రైతు అంటాడు, మృగశిర రోజున పల్లెల్లో పట్నాల్లో చేపల దుకాణాలు కిటకిటలాడతాయి. నైరుతి రుతుపవనాలు కేరళను తాకే సాధారణ తేదీ జూన్ 1, తర్వాతి రోజుల్లో తెలుగు రాష్ట్రాలకు చేరతాయి కాబట్టి ఇవాళ ఆ మాటలు వాతావరణంతో చక్కగా కుదురుతున్నాయి. అయితే వానలు నడిచేది సూర్యుడి వాలును బట్టి, అంటే రుతువుల గడియారంతో. కార్తెలు చుక్కలకు కట్టుకున్నవి.

వరాహమిహిరుడి కాలానికి వెళితే, నేటి క్యాలెండరు లెక్కన రోహిణి కార్తె మే మొదటి వారంలోనే వచ్చేది, మృగశిర మే మూడో వారంలో, నడి ఎండల్లో. దీన్నిబట్టి కార్తెల సామెతలు ఇప్పుడున్న రూపంలో అంత పాతవి కాకపోవచ్చని, గత కొన్ని శతాబ్దాల అనుభవం నుంచే అవి పుట్టి ఉంటాయని అనుకోవచ్చు. లేదా ఆకాశం జారుతున్నకొద్దీ రైతులే మాటను ఒక కార్తె నుంచి ఇంకో కార్తెకు మార్చుకుంటూ వచ్చి ఉండవచ్చు. ముందుకు లెక్కిస్తే, 2000 ఏళ్ల తర్వాత మృగశిర కార్తె జులై మొదటి వారంలో ప్రవేశిస్తుంది. వానల రాక ఇప్పటిలాగే జూన్‌లో ఉంటే, అప్పటికి తొలకరి పడేది కృత్తిక కార్తెలో.